బ్రామ్స్ వయొలిన్ కన్‌చెర్టో: హైఫెట్జ్ మరీ పరిగెత్తాడా?

విలంబం_వీరుడు:
నిన్న రాత్రి బ్రామ్స్ డి మేజర్ (డి స్వరం ఆధారంగా నడిచే శ్రేణి) కన్‌చెర్టో పెట్టుకున్నా, అదే, ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వయొలిన్ ముందుండి వాయించే మూడు భాగాల రచన. వయొలిన్ విద్వాంసుడు హైఫెట్జ్ 1955లో షికాగో సింఫనీతో వాయించింది, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్, అందరూ ఆహా ఓహో అంటారు కదా అని. ఫస్ట్ మూవ్‌మెంట్ (మొదటి భాగం) 19 నిమిషాల్లోపే అయిపోయింది! ఇన్నేళ్లూ నేను విన్నది ఓయిస్ట్రాఖ్ వయొలిన్, క్లెంపరర్ కండక్టర్‌గా 1960లో చేసిన రికార్డింగ్, అది 22 దాటుతుంది. బ్రామ్స్ రాసిందేమో "అలెగ్రో నాన్ ట్రొప్పో", అంటే వేగంగానే గానీ మరీ వద్దు అని. ఆ "మరీ వద్దు" ఎటు పోయింది? చెయ్యి అద్భుతం, కాదనను. కానీ ఆ తీరిక, ఆ వెచ్చదనం లేవు, ఎక్స్‌ప్రెస్ బండి కిటికీలోంచి గోదావరిని చూసినట్టు అనిపించింది. మీరేమంటారు?

జి_తీగ:
డి మేజర్ అనగానే ఎండా వెచ్చదనం అనేసుకుంటే ఎలాగండీ? ఆర్కెస్ట్రా మేజర్‌లో హాయిగా మొదలుపెడుతుంది సరే, కానీ వయొలిన్ రెండున్నర మూడు నిమిషాలు ఊరికే నిలబడి, చివరికి లోపలికి వచ్చేది డి మైనర్‌లో (అదే డి మీద, కాస్త చీకటిగా వినిపించే శ్రేణి), అదీ కోపంగా, మీద పడ్డట్టు. అక్కడ తీరిక ఏముంది? ఆ ఎంట్రీ హైఫెట్జ్ దగ్గర విన్నాక మిగతావాళ్లది నాకు చప్పగా ఉంటుంది.
ఇంకోటి, డి ఎంచుకోవడానికి మూడ్ ఒక్కటే కారణం కాదు. వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. డి మేజర్‌లో ముఖ్యమైన స్వరాలకి విడి తీగలు వాటంతటవే పలుకుతాయి, పెట్టె మొత్తం మోగుతుంది. బేతోవెన్‌దీ డి మేజరే, బ్రామ్స్ రాసిన 1878లోనే చైకోవ్‌స్కీ రాసిందీ డి మేజరే. ఆ మూడూ ఒకే మూడ్‌లో ఉన్నాయా చెప్పండి.

సౌండ్_సుబ్బు:
అన్నా నువ్వు విన్నది ఎవరో అప్‌లోడ్ చేసిందా? ఎల్‌పీ ప్లేయర్ స్పీడ్ తేడా ఉండుంటుంది, పాత రికార్డుల నుంచి ఎక్కించేటప్పుడు అవుతుంటాయి ఇలాంటివి

జి_తీగ:
లెక్క వేసి చూడు సుబ్బూ. ప్లేయర్ స్పీడ్ పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది, ఇంచుమించు ఆరు శాతానికి ఒక సెమిటోన్, అంటే పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న మెట్టు. 22 నిమిషాలది 19కి రావాలంటే రెండున్నర సెమిటోన్లు ఎక్కాలి, అప్పుడది డి మేజర్ కాదు, ఇ దాటి ఎఫ్ వైపు పోతుంది. ట్యూనర్ పెట్టి చూస్తే పావు నిమిషంలో తెలిసిపోతుంది. నా దగ్గర సీడీ ఉంది, శ్రుతి డి మీదే ఉంది. ఆయన నిజంగానే అంత వేగంగా వాయించాడు.

సౌండ్_సుబ్బు:
ఓకే ఓకే, ఓడిపోయా 😄 కానీ ఫోన్‌లో 1.25 పెట్టుకుంటే శ్రుతి మారదు, అదీ చెక్ చేసుకోమను అన్నని

మృదంగం_మూల:
గడియారంతో కొలవడమే తప్పు అంటాను నేను. ముందుగా, బ్రామ్స్ ఈ కన్‌చెర్టోకి మెట్రోనోమ్ నంబర్ (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పేది) ఇవ్వలేదు, కాబట్టి "రాసిన టెంపో ఇది" అని ఎవరూ బల్ల గుద్దలేరు. రెండు, కడెన్జా (ఆర్కెస్ట్రా ఆగితే వయొలిన్ ఒక్కటే వాయించే చోటు) కూడా బ్రామ్స్ రాయలేదు, వాయించేవాళ్లకి వదిలేశాడు. ఎక్కువమంది బ్రామ్స్ స్నేహితుడైన వయొలిన్ విద్వాంసుడు యోఆఖిమ్ రాసింది వాయిస్తారు, హైఫెట్జ్ తన సొంతది వాయిస్తాడు. మొత్తం నిమిషాలు పక్కపక్కన పెడితే అక్కడే కొంత తేడా వచ్చేస్తుంది.
అసలు సంగతి దెబ్బలో ఉంది. ఇది మూడు దెబ్బల లెక్క కదా, చేత్తో వేసుకుంటూ వినండి. క్లెంపరర్ దగ్గర మూడు దెబ్బలూ చేతికి విడివిడిగా, బరువుగా తగులుతాయి. రైనర్ దగ్గర ఆవృత్తానికి ఒక్కటే దెబ్బ, మిగతా రెండూ దాని మీద తేలిపోతాయి. మీకు తొందర అనిపించేది అది. కానీ తొందరపడటం అంటే కాలప్రమాణం జారిపోవడం, మొదట్లో పట్టిన నడక చివరికి ఉండకపోవడం. రైనర్ చేతిలో అది జారదు. వేగంగా మొదలుపెట్టాడు, అంతే.

పల్లవి_దాటని_వాడు:
మూడో మూవ్‌మెంట్ ఎవరూ ఎత్తరేం? "అలెగ్రో జియొకోసో" (వేగంగా, సరదాగా) పక్కన "మరీ హుషారు వద్దు" అని కూడా ఉంది, అది యోఆఖిమ్ సలహా మీద చేర్చిందట, కష్టం అవుతుందని. అంటే అది భావం కోసం పెట్టిన బ్రేకా, వేళ్ల కోసం పెట్టిన బ్రేకా? వేళ్ల కోసమైతే హైఫెట్జ్‌కి ఆ అవసరం ఏముంది 😀

విలంబం_వీరుడు:
ఆ వాదన ఒప్పుకోను. 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించింది యోఆఖిమ్, పక్కన కండక్ట్ చేసింది బ్రామ్సే. ఎందుకు అడిగినా, బ్రామ్స్ దాన్ని అచ్చులో ఉంచాడు కదా. పైగా యోఆఖిమ్ హంగేరీ రాజ్యంలో పుట్టినవాడు, ఆ మూవ్‌మెంట్‌లో ఉన్నదీ హంగేరీ బాణీయే, ఆ డ్యాన్సుకి కాళ్లు నేల మీద ఆనాలి. హైఫెట్జ్ దగ్గర ఆనవు.

జి_తీగ:
రైనర్ కూడా బుడాపెస్ట్‌లో పుట్టినవాడే మరి, ఆయన కాళ్లు ఎందుకు లేచాయంటారు 😂

అడాజియో_అభిమాని:
మధ్యలోది, ఆ నెమ్మది రెండో మూవ్‌మెంట్, వదిలేస్తున్నారు మీరంతా. ఎఫ్ మేజర్‌లో ఆ పాట మొత్తం ముందు ఓబోకి (ఊదే వాద్యం) ఇచ్చేశాడు బ్రామ్స్, ఓబో పాడుతుంటే వయొలిన్ పట్టుకుని నిలబడటం నా వల్ల కాదని వయొలిన్ విద్వాంసుడు సరసాటె ఈ కన్‌చెర్టోనే వద్దన్నాడని కథ. నాకు అక్కడ హైఫెట్జ్‌తో పేచీ ఉంది. ఓబో పాడినంత నెమ్మదిగా ఊపిరి తీసుకోడు.

మృదంగం_మూల:
వీరుడు గారూ, మీ గోదావరి మాటకి ఒకటి. బ్రిడ్జి మీద ఏ ఎక్స్‌ప్రెస్ అయినా స్లో అవుతుంది కదండీ. ఫస్ట్ మూవ్‌మెంట్‌లో బ్రిడ్జి ఎక్కడో మీకూ తెలుసు, కడెన్జా అయిపోయి, ఆర్కెస్ట్రా చప్పుడు లేకుండా కిందకి చేరి, వయొలిన్ పైన ఎక్కడో మొదటి పాటని మళ్లీ అందుకునే చోటు. మిగతా 17 నిమిషాలు పక్కన పెట్టి అదొక్కటే వినండి.

విలంబం_వీరుడు:
విన్నా. రెండుసార్లు విన్నా, చేత్తో దెబ్బ వేసుకుంటూ. స్లో అయ్యాడు, ఒప్పుకుంటా, ఆ చోట మాత్రం నీళ్లు కనిపించాయి. కానీ బ్రిడ్జి దాటగానే హారన్ కొట్టి లాగించేశాడు. ఓయిస్ట్రాఖ్ అయితే అవతలి గట్టు దాకా అదే నడకలో తీసుకెళ్తాడు. సుబ్బూ, 1.25 కాదు, చెక్ చేశా.