పుణె ఉద్యోగమా, గుంటూరులో అమ్మా? దేవుని నడిపింపు మీకెలా తెలిసింది?

బ్రాడీపేట అబ్బాయి:
అందరికీ వందనాలు. పుణెలో ఉద్యోగం వచ్చింది, శనివారంలోగా చెప్పాలి. ఇక్కడ అమ్మ ఒక్కతే. షుగరు. కాలి పుండుకు రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికని తీసుకునే బైబిలు వచనం చీటీ) యెహోషువ 1:9. ‘నీవు నడుచు మార్గమంతటిలో’ అట. ఏ మార్గమో మాత్రం లేదు! మీకు ఎలా తెలిసిందో చెప్పండి.

గుణదల వాసి:
తమ్ముడూ, వాగ్దాన కార్డు బస్సు టికెట్ కాదు, ఊరి పేరు వెతక్కు. అపొస్తలుల కార్యములు 16 చదువు. సువార్త చెప్పడానికి బయల్దేరిన పౌలుకు ఆసియలో (ఇప్పటి టర్కీ పడమటి భాగం) అడ్డు తగిలింది. బితూనియకు పోదామంటే అక్కడా దేవుని ఆత్మ వెళ్లనివ్వలేదు. త్రోయకు వచ్చాక రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి పిలిచాడు. అంతవరకూ పౌలంతటివాడికీ మూసిన తలుపులే.

సింగ్‌నగర్ అక్క:
2024 సెప్టెంబరు 1, ఆదివారం. మందిరానికి వెళ్దామని చీర ఇస్త్రీ చేస్తుంటే బుడమేరు నీళ్లు గడప దాటాయి. పిల్లల్ని తీసుకుని పైవాటాకు ఎక్కాం. పైవాటాలో ఉండేవాళ్లు ముస్లింలు. నీళ్లు తియ్యమని ప్రార్థించాం, తియ్యలేదు. మూడో రోజు దాకా పడవ రాలేదు. ఆ ఇంటావిడ ఉన్న రవ్వంతా ఉప్మా చేసి, ముందు మా పిల్లలకు పెట్టి, గిన్నె అడుగున మాడింది తాను గీక్కుని తింది. కిందికి దిగాక చూస్తే నా బైబిలు ఉబ్బిపోయి ఉంది, కీర్తనలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పటికీ దాన్నే చదువుతా. దేవుడు నన్ను ఎలా చూసుకున్నాడని ఎవరైనా అడిగితే ఆ గిన్నె సంగతే చెబుతా.

పేరు వద్దు:
అందరి సాక్ష్యాలూ బాగున్నాయి. నాది అలాంటిది కాదు. మా తమ్ముడి కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. పోయాడు. విశ్వాసం తక్కువైందని ఒకాయన సమాధుల దగ్గరే అన్నాడు. ఏడాది మందిరం గడప తొక్కలేదు. సంఘంలో ఒక ముసలామె మాత్రం ప్రతి గురువారం వచ్చేది. వాక్యం చెప్పేది కాదు. నాతో కూర్చుని వెల్లుల్లి వొలిచేది, టీ తాగి వెళ్లేది. 23వ కీర్తనలో గాఢాంధకారపు లోయ కూడా ఉంది. కాపరి వెంట నడిచినా అది దాటాల్సిందే. మనం మొదట్లో వచ్చే పచ్చిక దగ్గరే ఆపేస్తాం. తమ్ముడు ఎందుకు పోయాడో ఇప్పటికీ తెలియదు. మళ్లీ మందిరానికి వెళ్తున్నా, అంతే.

మంగళగిరి నర్సు:
అక్కా, ఆ మాట అన్నాయన తరఫున నేను సిగ్గుపడుతున్నా.
బ్రదర్, ప్రార్థన చెయ్యండి, కంపెనీకి ఫోన్ కూడా చెయ్యండి. చేరే తేదీ అడిగితే కొంచెం జరుపుతారు. కట్టు మార్చడం ఈలోగా ఇంట్లో ఇంకెవరికైనా నేర్పించండి. షుగరు పుండు, కట్టు మార్చడం ఒక్కసారి కూడా తప్పకూడదు.

గుణదల వాసి:
ఏమైంది తమ్ముడూ? శనివారం దాటింది.

బ్రాడీపేట అబ్బాయి:
ఫోన్ చేశానన్నా, మూడు వారాలు గడువిచ్చారు. పిన్ని కట్టు మార్చడం నేర్చుకుంటోంది. నిన్న రాత్రి అమ్మకు అంతా చెప్పా, ఇన్నాళ్లూ దాచాను కదా. మంచం మీద లేచి కూర్చుంది. “నెల నుంచీ దేవుణ్ణి అడుగుతున్నావు సరే, నన్నెప్పుడు అడుగుదామనుకున్నావురా?” అంది. తర్వాత, పుణెలో చలి ఎక్కువా అని అడిగింది.