డైనో షీటు: 550 హార్స్‌పవర్ ట్రక్కుకు 448 మాత్రమే వచ్చింది, టార్క్ అంకె కూడా అనుమానంగా ఉంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఇండియానాలో సొంత ట్రక్కు నడుపుకుంటున్నాను. బండి 2001 నాటి పీటర్‌బిల్ట్ 379. ఇంజను 550 హార్స్‌పవర్ క్యాటర్‌పిల్లర్ సి15, గేర్‌బాక్సు 18 స్పీడుల ఈటన్ ఫుల్లర్, క్రౌన్ నిష్పత్తి (వెనుక చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే చుట్లు) 3.55. గత శనివారం ఒక ట్రక్కుల ప్రదర్శనలో డైనో (బండి చక్రాలను రోలర్ల మీద తిప్పించి శక్తిని కొలిచే యంత్రం) పోటీ పెడితే సరదాకు దిగాను. 16వ గేరులో పరీక్షించారు. చేతికిచ్చిన షీటులో గరిష్ఠ శక్తి 448 హార్స్‌పవర్ అనీ, అదే క్షణంలో టార్క్ (తిప్పే బలం) 1,790 పౌండ్-అడుగులు అనీ ఉంది. అప్పుడు క్యాబిన్‌లోని మీటరు 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) చూపించడం నేను కళ్లారా చూశాను. తక్కిన వంద హార్స్‌పవర్ ఏమైనట్టు? ఇంజను బోరుకు వచ్చిందని, అంటే లోపల అరిగి ఓవర్‌హాల్‌కు వచ్చిందని పక్కనున్నవారు తేల్చేశారు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు

నమస్కారమండీ. ఈ షీటు ఒక్కటే చూసి ఇంజను విప్పించకండి. 550 అన్నది ఇంజను వెనుక ఫ్లైవీల్ వద్ద కంపెనీ చెప్పే శక్తి. రోలర్ల మీద కొలిచేది గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టులు, రెండు వెనుక ఇరుసుల హౌసింగులలోని గేర్లు, ఎనిమిది టైర్లు తమ వంతు తినేసిన తరువాత మిగిలినది. ఈ తరగతి ట్రక్కులలో ఆ నష్టం సాధారణంగా 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. మీకు 18 శాతం చిల్లర పోయింది, అంటే ఇంజను ఆరోగ్యంగానే ఉన్నట్టు. పరీక్ష మధ్యలో రేడియేటర్ ఫ్యాన్ క్లచ్ పట్టుకుని ఉంటే అది కూడా పదుల హార్స్‌పవర్ మింగుతుంది కనుక, ఫ్యాన్ తిరిగిందో లేదో గుర్తు చేసుకోండి.

నన్ను ఆపినది మీ టార్క్ అంకె. డైనో నేరుగా కొలిచేవి రెండే: రోలరు మీద పడే బలం, రోలరు వేగం. శక్తి ఆ రెంటి నుంచే వస్తుంది కాబట్టి 448ని నమ్మవచ్చు. ఇంజను టార్క్ చెప్పాలంటే మాత్రం యంత్రానికి ఇంజను ఆర్‌పీఎం తెలియాలి. దానిని ఇంజను నుంచి తీసుకోకపోతే, ఆపరేటరు నమోదు చేసిన గేరు, క్రౌన్ నిష్పత్తులను బట్టి రోలరు వేగం నుంచి లెక్కకడతారు.

హార్స్‌పవర్‌ను 5,252తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ వస్తుంది. మీ మీటరు ప్రకారం 448 × 5,252 ÷ 1,800 చేస్తే దాదాపు 1,307 పౌండ్-అడుగులు రావాలి. 1,790 రావాలంటే యంత్రం దృష్టిలో మీ ఇంజను 1,314 ఆర్‌పీఎం దగ్గరే తిరుగుతూ ఉండాలి. 1,314ను 1,800తో భాగించి చూడండి: 0.73. అది మీ గేర్‌బాక్సులో 18వ గేరు నిష్పత్తి! పరీక్ష 1:1 ఉండే (ఇంజను, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే వేగంతో తిరిగే) 16వ గేరులో జరిగింది, యంత్రంలో మాత్రం 18వ గేరు నమోదై ఉంటుందని నా అనుమానం. షీటు అడుగున చిన్న అక్షరాలలో ఆ వివరం ఉంటుంది, చూసి చెప్పండి.

మరొకరి జవాబు

పై సమాధానానికి ఒక చిన్న చేర్పు. 1:1 గేరులో పరీక్షించడానికి టైర్లు కూడా ఒక కారణం. టైరు మైలుకు సుమారు 500 చుట్లు తిరుగుతుందనుకుంటే, 3.55 క్రౌన్‌తో 1,800 ఆర్‌పీఎం వద్ద బండి వేగం గంటకు 61 మైళ్లు ఉంటుంది. అదే 18వ గేరులో అయితే 83 మైళ్లు దాటుతుంది, చాలా లారీ టైర్లు అంత వేగానికి చేసినవి కావు.

అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. షీటు అడుగున 0.73 అనే ఉంది! ఓవర్‌హాల్ ఆలోచన మానుకున్నాను. మరొక్క సందేహం: పంపు, ఇంజెక్టర్లు, టర్బో మార్పించి వెయ్యి హార్స్‌పవర్ దాటిందంటున్న మిత్రుడి బండిని వచ్చే ఏడాది అదే పోటీకి తీసుకువెళ్లాలని ఉంది. ఏమి చూసుకోవాలి?

జవాబు

మొదట టైర్లు. మన వైపు రీబటన్ అంటారే, ఆ రీట్రెడ్ టైర్లతో రోలర్లు ఎక్కవద్దు. చదునైన రోడ్డు మీద కంటే గుండ్రని రోలరు మీద టైరు ఎక్కువగా నలిగి త్వరగా వేడెక్కుతుంది, పైతొక్కు ఊడితే మడ్‌గార్డు ఒక్కటే పోతే అదృష్టం. అంత శక్తికి టైరు జారితే అంకె కూడా తప్పుతుంది కనుక గొలుసులతో వెనుక భాగాన్ని కిందికి గట్టిగా బిగించమనండి. బండి ముందుగానీ వెనుకగానీ ఎవరినీ నిలబడనివ్వకండి.

తరువాత వేడి. టర్బోకు ముందు బిగించిన ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మీటరు 1,300 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటి అక్కడే నిలబడితే, అల్యూమినియం పిస్టన్లున్న ఇంజనులో యాక్సిలరేటరు వదిలేయడం మంచిది. మీటరు టర్బో తరువాత ఉంటే అదే వేడికి బాగా తక్కువ చూపిస్తుంది, కాబట్టి అది ఎక్కడ ఉందో ముందే తెలుసుకోండి. రోడ్డు మీద ఎదురుగాలి ఇంటర్‌కూలరును (టర్బో నుంచి ఇంజనుకు వెళ్లే గాలిని చల్లార్చే భాగం) చల్లబరుస్తుంది, నిలబడిన బండికి ఆ సౌకర్యం లేదు. అందుకే ఒక పరుగు కాగానే వెంటనే రెండోదానికి ఒప్పుకోకుండా, ఇంజనును కొన్ని నిమిషాలు ఐడిల్‌లో తిరగనిచ్చి టర్బో చల్లబడేదాకా ఆగండి.

మీ మిత్రుడి బండి 2007 తరువాతిదై, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తీసేసి ఆ శక్తి తెచ్చుకున్నదైతే మాత్రం అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, ఆ సంగతి ఆయనకు చెప్పండి. ఇక రోలర్లు ఎక్కే ముందు ఆపరేటరు తెర మీద గేరు నిష్పత్తి 1.00 అని ఉందో లేదో మీరే చూసుకోండి.