గీత్‌మాలా విజయం అమీన్ సయానీదా, కేస్కర్ వదిలిన ఖాళీదా?

పాతరికార్డులు:
వారం వారం హిందీ సినిమా పాటలకు ర్యాంకులిచ్చే బినాకా గీత్‌మాలా 1952 డిసెంబరు 3న శ్రీలంకలోని కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్‌లో మొదలైంది. 1989లో ఆకాశవాణి వారి సినిమా పాటల విభాగం వివిధభారతికి మారి 1994 దాకా నడిచింది. సమర్పించిన గొంతు అమీన్ సయానీది. అయినా నా లెక్కలో ఆ గొంతు కంటే కాలమే ఎక్కువ పని చేసింది. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటల్ని నిషేధించారు, జనం ముల్లు సిలోన్ వైపు తిప్పారు. ఆ రోజుల్లో కొలంబోలో మైకు ముందు ఎవరు కూర్చున్నా పేరు వచ్చేది.

టేపురీలు:
రెండు సవరణలు. ఒకటి, అది పూర్తి నిషేధం కాదు. సినిమా పేరు చెబితే ప్రచారం అవుతుందని ఆకాశవాణి గాయకుల పేరు మాత్రమే చెప్పేది. దాంతో నిర్మాతలు పాటల హక్కులు వెనక్కి తీసుకున్నారు. రెండు, సయానీ కొలంబోలో కూర్చోలేదు. బొంబాయిలో రికార్డు చేసి విమానంలో పంపేవారు. అంటే ఆ వారం పొరపాట్లేవీ అప్పటికప్పుడు సర్దుకునే వీలు లేదు, స్క్రిప్టు ముందే గట్టిగా ఉండాలి.

లెక్క చూడండి. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ రికార్డు ఒక వైపు సుమారు మూడుంబావు నిమిషాలు. తొలినాటి అరగంటలో ఏడు పాటలంటే దాదాపు 23 నిమిషాలు. మిగిలిన ఏడింటిలో ప్రకటనలు, ఉత్తరాలు, పాటకూ పాటకూ మధ్య మాట, అన్నీ ఇమడాలి. తర్వాత గంటలో 16 పాటలయ్యాయి. అన్నీ పూర్తిగా వేస్తే 52 నిమిషాలు పోతాయి. కాబట్టి పల్లవి, ఒక చరణం దగ్గర కోయక తప్పదు. ఎక్కడ కోస్తే వినేవాడికి చివుక్కుమనదో తెలియడమే అసలు పనితనం.

షార్ట్‌వేవ్ అభిమాని:
ట్రాన్స్‌మిటర్ని మీరిద్దరూ మరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనల రేడియో కోసం సిలోన్‌లోని ఏకల అనే ఊళ్లో పెట్టిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ యంత్రం సిలోన్‌కు దక్కింది. దాని అందుబాటు ఎంత దూరమో వేరే చెప్పాలా?

కానీ షార్ట్‌వేవ్‌తో ఒక చిక్కుంది. పై వాతావరణంలోని అయనావరణం (ఐనోస్ఫియర్) నుంచి తరంగాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే కొన్ని క్షణాలు గొంతు మునిగిపోతుంది. స, శ, ఫ లాంటి ధ్వనులు ముందుగా పోతాయి. గబగబా చదివే అనౌన్సర్ అక్కడ పనికిరాడు. మాట విడివిడిగా, వాక్యం పొట్టిగా ఉండాలి. పేరు పాటకు ముందూ చెప్పాలి, వెనకా చెప్పాలి. "బెహనో ఔర్ భాయియో" అన్న ఆ సాగదీతకు అందం ఒక్కటే కాదు, ఉపయోగమూ ఉంది.

పాతరికార్డులు:
యంత్రం మాట ఒప్పుకుంటాను. అయితే అది నా వాదనకే బలం కదా!

టేపురీలు:
కాదండీ. అదే సిలోన్‌లో ఎన్ని కార్యక్రమాలు రాలేదు, ఎన్ని నిలిచాయి? తెలుగు పాటలకు మీనాక్షీ పొన్నుదురై గారిని మనవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు, యంత్రాన్ని కాదు. పైగా వివిధభారతి 1957 అక్టోబరు 3న వచ్చింది, 1967లో ప్రకటనలూ మొదలయ్యాయి. ఖాళీయే కారణమైతే గీత్‌మాలా అక్కడే ఆగాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటి సిలోన్‌లోనే నడిచింది.

సయానీకి ఆ భాష ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తల్లి కుల్సుమ్ సయానీ 'రహబర్' అనే పక్షపత్రిక నడిపారు. కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం తేలికైన హిందుస్తానీని నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో అచ్చువేసేవారు. కుర్రాడిగా ఆయన అందులో పని చేశారు. సంస్కృతం బరువూ ఫారసీ బరువూ లేని ఆ మాట అక్కడ అబ్బింది. రేడియోకు పరిచయం చేసింది అన్న హమీద్.

మైకువెనక:
గొంతును నేనూ మెచ్చుతాను, కానీ రికార్డుల అమ్మకాలు, శ్రోతల ఉత్తరాలు చూసి ఇచ్చే ఆ ర్యాంకుల్ని జనాదరణకు కొలతగా పట్టుకోవడం పొరపాటు. దుకాణంలో సరుకు అయిపోతే అమ్మకం పడిపోతుంది, పాట మీద మోజు పోయినట్టు కాదు. నిర్మాత మనుషులే రికార్డులు కొంటే లెక్క పైకి లేస్తుంది. ఉత్తరాలదీ అదే బాధ. ఝుమ్రీ తిలైయా లాంటి చిన్న ఊరు ఫర్మాయిషులతో (పాట వేయమని కోరే ఉత్తరాలతో) దేశమంతా పేరు తెచ్చుకుంది, రాయని ఊళ్ల మాటేమిటి? ఇంకా ముఖ్యమైనది: 78 రికార్డుకు రెండే పాటలు గనక అమ్మకం పాటదే అనుకోవచ్చు. తర్వాత వచ్చిన పెద్ద రికార్డు ఎల్పీలో సినిమా పాటలు మొత్తం ఉంటాయి, ఏ పాట కోసం కొన్నారో ఎలా తెలుస్తుంది? క్యాసెట్ల కాలానికి దొంగ కాపీలు కూడా కలిశాయి.

టేపురీలు:
ఆ లోపాలు ఆయనకు తెలియనివి కావు. అందుకే అమ్మకాలు, ఉత్తరాలు, శ్రోతా సంఘాల నివేదికలు కలిపి చూశారు. ఒకదాని తప్పును ఇంకొకటి కొంతైనా పట్టుకుంటుంది.

మైకువెనక:
కొంతే. డిసెంబరులో వచ్చిన పాట జాబితాలో ఉన్న వారాలు రెండేళ్ల మధ్య చీలిపోతాయి. వార్షిక జాబితాలో అది కింద కనిపించినంత మాత్రాన ఆడలేదని అర్థం కాదు. 1950ల జాబితాల్ని, 1980ల వాటిని ఒకే తక్కెడలో తూచకండి. పాత పాటల మీద వ్యాసం రాసేవాళ్లు ర్యాంకు పక్కన ఆ ఏడాది రికార్డులు ఏ రూపంలో అమ్మారో కూడా రాయాలి.