ల్యాండింగ్‌కి ముందు విమానం ఇంజన్ మళ్లీ మోగుతుందేంటి? ఇంధనం దండగ కాదా?

ప్రశ్న:
హైదరాబాద్ నుంచి లండన్ వస్తుంటే హీత్రో దగ్గర విమానం గాల్లోనే చుట్లు కొట్టింది. సరే అనుకుంటే, దిగుతూ దిగుతూ ఒక ఎత్తులో ఆగిపోయి ఇంజన్ గట్టిగా మోగించి మళ్లీ దిగింది. పైనుంచి ఒకే ఊపున జారుకుంటూ వచ్చేస్తే బోలెడు ఇంధనం మిగులుతుంది కదండీ?

జవాబు 1:
మిగులుతుంది. దాన్నే కంటిన్యువస్ డిసెంట్ అంటారు. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్ల నోటి లెక్క, అంటే 36,000 అడుగుల నుంచైతే 108 మైళ్లు, మన లెక్కలో 200 కిలోమీటర్లు, వేగం తగ్గడానికి ఇంకొన్ని కలుపుకోవాలి. అక్కణ్నుంచి ఇంజన్‌ని ఐడిల్‌లో, అంటే కనీస బలంలో పెట్టేస్తే చాలావరకు జారుకుంటూనే వస్తుంది. మెట్లు దిగినట్టు ఆగి ఆగి వస్తేనే ఖర్చు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) దించుకుని తక్కువ ఎత్తులో సమంగా ఎగరాలంటే గాలి వెనక్కి లాగుతుంటే ఇంజన్ ముందుకు తోయాలి, చక్రాలు కూడా దించితే ఇక చెప్పక్కర్లేదు.

ప్రశ్న:
మరి తెలిసీ పైలట్ ఎందుకు ఆపాడు?

జవాబు 1:
ఆపింది ఏటీసీ (నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు) అయ్యుంటుంది తమ్ముడూ. అటు తిరుగు, ఇటు తిరుగు అని చెబుతున్నప్పుడు రన్‌వేకి ఇంకా ఎన్ని మైళ్లు తిప్పుతారో పైలట్‌కి తెలియాలి. తెలియక, అవసరానికంటే ముందే దిగిపోతే కింద సమంగా ఎగరాలి, ఆలస్యంగా దిగితే రెక్కల మీద స్పీడ్‌బ్రేక్ (గాలికి అడ్డం నిలిచే పలకలు) లేపాలి, అంటే డబ్బు పోసి ఎక్కిన ఎత్తుని గాల్లో పారబోయడమే. అందుకే మిగిలిన దూరం కంట్రోలర్ ముందే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది.

జవాబు 2:
అన్న చెప్పింది కరెక్టే గానీ, చుట్లు కొట్టడం వేరే కథ. హీత్రోకి ఉన్నవి రెండే రన్‌వేలు, రద్దీ వేళ బోవింగ్‌డన్, లాంబోర్న్, బిగ్గిన్, ఆకమ్ అనే నాలుగు చోట్ల విమానాలు ఒకదాని మీద ఒకటి గుండ్రంగా తిరుగుతూ వంతు కోసం ఎదురుచూస్తాయి. ఎంత చక్కగా జారినా ఈ క్యూ తగ్గదు. అందుకే 2014 నుంచి, ఇక్కడ ఆలస్యం ఉందని తెలిస్తే దాదాపు 350 నాటికల్ మైళ్ల దూరంలోనే, పొరుగు దేశాల ఆకాశంలో ఉండగానే, వేగం తగ్గించమంటున్నారు. ఆ ఎత్తులో నెమ్మదించడం కింద చుట్లు తిరగడం కంటే చాలా చవక. 2015లో ఇంకో పని చేశారు: ఎదురుగాలి బలంగా ఉన్న రోజుల్లో విమానాల మధ్య ఎడం దూరంతో కాకుండా సమయంతో కొలవడం. ఎదురుగాలికి విమానం నెమ్మదిస్తే అదే దూరానికి ఎక్కువ సమయం పడుతుంది కదా, సమయంతో కొలిస్తే ఆ బాధ లేదు. దాంతో గాలి రోజుల్లో కూడా ల్యాండింగ్‌లు పెద్దగా తగ్గట్లేదు.

ప్రశ్న:
ఫ్లాప్స్, చక్రాలు ఇంకాస్త ఆలస్యంగా దించితే?

జవాబు 1:
అదీ చేస్తారు, ఎయిర్‌బస్ ఏ320 విమానంలో పూర్తి ఫ్లాప్స్ బదులు ఒక మెట్టు తక్కువతో దిగుతుంటారు. రన్‌వే పొట్టిగా ఉన్నా, తడిగా ఉన్నా మాత్రం ఆ పిసినారితనం వద్దు. మామూలుగా వెయ్యి అడుగుల ఎత్తుకి వచ్చేసరికల్లా వేగం, ఫ్లాప్స్, చక్రాలు అన్నీ కుదురుకోవాలి, లేకపోతే గో అరౌండ్. పూర్తి బలంతో మళ్లీ పైకెక్కి చుట్టు తిరిగి వచ్చేసరికి మిగిల్చిందంతా పోయి, ఇంకా ఎదురు ఖర్చు.