ప్రిన్స్ 'బ్లాక్ ఆల్బమ్': 1987లో ఆపేసిన ఫంక్ ఇప్పుడు వింటే నిలబడుతుందా?

లయరాజు
ఈ ఆల్బమ్ గురించి కథలు చెప్పేవాళ్లే ఎక్కువ, పాటల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమెరికన్ పాప్ సంగీతకారుడు ప్రిన్స్ చేసినది, 1987 డిసెంబర్ 8న రావాల్సిన రికార్డు ఇది. రికార్డు కంపెనీ వార్నర్ బ్రదర్స్ దాదాపు 5 లక్షల కాపీలు అచ్చు వేసింది. విడుదలకు వారం ముందు ప్రిన్సే ఆపమన్నాడు, సరుకు నాశనం చేయించారు. అసలు విడుదల 1994 నవంబర్ 22న జరిగింది. అదీ 1995 జనవరి 27 వరకే అమ్మారు. మధ్యలో ఏడేళ్లూ దొంగ కాపీలే తిరిగాయి.

ఇక పాటల సంగతి. ఎనిమిది పాటలు, 44 నిమిషాల 38 సెకన్లు. 'అందనిది' అన్న మోజు తీసేసి వింటే ఏది నిలబడింది, ఏది తేలిపోయింది? ఏ కాపీ విని రాస్తున్నారో కూడా చెప్పండి. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

టేపుహెడ్
నిజం. 'సౌండ్ పల్చగా ఉంది, హడావిడిగా ఉంది' అనేవాళ్లలో చాలామంది విన్నది కాపీకి కాపీ తీసిన క్యాసెట్, లేదా అలాంటి క్యాసెట్ నుంచి వేసిన దొంగ ఎల్‌పీ. అభిప్రాయం రాసేముందు స్పీడు చూసుకోండి.

మొదటి పాట 'లె గ్రైండ్' నిడివి 6:44, అంటే 404 సెకన్లు. మీ కాపీలో 6:32 వచ్చిందంటే క్యాసెట్ డెక్ దాదాపు 3 శాతం స్పీడుగా తిరిగింది, శ్రుతి సగం సెమిటోన్ (హార్మోనియంలో పక్క పక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోన్) పైకి పోయింది. బేస్, డ్రమ్స్ లయే ప్రాణమైన ఫంక్‌లో ఇది చిన్న తేడా కాదు. బేస్ బరువు తగ్గుతుంది, వెనక్కి లాగినట్టు ఉండాల్సిన స్నేర్ డ్రమ్ ముందుకు దూకినట్టు వినిపిస్తుంది.

ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు. మొదటి దెబ్బ నుంచి పాట చివరిదాకా కొలిచి, వచ్చిన సెకన్లను 404తో భాగించండి. 392 వస్తే 0.970. 'చేంజ్ స్పీడ్'లో ఆ అంకె వేయండి. 'చేంజ్ టెంపో' వాడకండి, అది శ్రుతిని అలాగే వదిలేసి లయను మాత్రమే మారుస్తుంది. టేపు తప్పులో రెండూ కలిసే మారతాయి కాబట్టి రెండూ కలిసే వెనక్కి రావాలి. సరిచేశాక చివరి పాట నిడివి చూడండి, 4:31 దగ్గర ఉండాలి. మొదటి పాట సరిపోయి చివరిది తేడా వస్తే క్యాసెట్ పొడవునా స్పీడు ఒకేలా లేదని అర్థం. అప్పుడు పాట పాటకీ విడిగా చేయాలి.

హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) మందంగా వినిపిస్తే హెడ్ అజిముత్ (టేపు మీద హెడ్ ఆనే కోణం) తప్పింది, లేదా డాల్బీ (టేపు బుసను తగ్గించే పద్ధతి) లేకుండా తీసిన కాపీని డాల్బీతో తీసినదనుకుని డాల్బీ వేసి వింటున్నారు. రెండో తప్పు ప్రతి తరం కాపీలోనూ ఇంకాస్త పేరుకుంటుంది.

సూదిమొన
ఎల్‌పీ సంగతి కూడా చెప్పాలి. మొదటి వైపు 21:35, రెండో వైపు 23:03. బేస్ ఇంత ఉన్న సంగీతానికి ఒక వైపు 23 నిమిషాలంటే ఎక్కువే. గాడి వెడల్పు సరిపోక కటింగ్ లెవెల్ (గాడి చెక్కేటప్పటి శబ్దస్థాయి) తగ్గించాల్సి వస్తుంది. పైగా 33⅓ వేగంలో బయటి అంచున సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లోపలి అంచుకొచ్చేసరికి 21. ఆ ఇరుకులో పడ్డవి మొదటి వైపు 'వెన్ టూ ఆర్ ఇన్ లవ్', రెండో వైపు 'రాక్‌హార్డ్ ఇన్ ఎ ఫంకీ ప్లేస్'. మొదటిదాంట్లో గుసగుసల 'స' కారాలు, రెండోదాంట్లో హార్న్స్ (శాక్సఫోన్, ట్రంపెట్). సూది అరిగితే మొదట చెడేవి ఈ రెండు పాటలే. వాటిని రికార్డింగ్ లోపం అనుకోకండి.

1994 సీడీకి ఈ బాధ లేదు. ఇప్పటి రీమాస్టర్ల (పాత రికార్డింగులకు మెరుగుదిద్ది వేసిన కాపీల) పక్కన పెడితే లెవెల్ తక్కువగా అనిపిస్తుంది కాబట్టి వాల్యూమ్ పెంచి రెండూ సమానం చేసుకున్నాకే పోల్చాలి. నిశ్శబ్దంగా ఉన్నదాన్ని చెవి 'నీరసం' అని తేల్చేస్తుంది.

కాంగబీట్
సౌండ్ సరిపోయిందనుకుని పాటల్లోకి వెళ్దాం. ఇందులో మూలబలం 1986 చివర్లో చేసిన పాటలు. కొన్ని డ్రమ్మర్ షీలా ఇ పుట్టినరోజు పార్టీలో ఆడుకోవడానికి తయారైనవి. ఆ ఉద్దేశం తెలిస్తే ఆల్బమ్ స్వభావం బోధపడుతుంది. రేడియో కోసం కుదించలేదు, వంతెనలు కట్టి పల్లవికి తిప్పి తెచ్చే పని పెట్టుకోలేదు. ఒక గ్రూవ్ (తిరిగి తిరిగి వచ్చే లయ) పట్టుకుని దాన్నే నూరుతూ పోతాడు.

'లె గ్రైండ్' జాగ్రత్తగా వినండి. మందగించిన గొంతుతో స్వాగతం, వెంటనే డ్రమ్స్. బేస్ మొదటి దెబ్బ మీద గట్టిగా కూర్చుని, మిగతా చోట్ల ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీల్లోకే ఎరిక్ లీడ్స్ శాక్సఫోన్, అట్లాంటా బ్లిస్ ట్రంపెట్ చిన్న చిన్న ముక్కలుగా దూరతాయి. హార్న్స్ ఎప్పుడూ బేస్ మీద పడవు. నాలుగో నిమిషం తర్వాత కొత్త వాద్యం ఏదీ రాకపోయినా పాట పెరుగుతున్నట్టే ఉంటుంది. ఎందుకంటే పెరిగేవి కేకలు, చప్పట్లు, గుంపు గొంతులు. ఫంక్ గురువు జేమ్స్ బ్రౌన్ బడిలో నేర్చిన విద్య ఇది, నాకైతే వన్నె తగ్గలేదు.

రెండోవైపు
కాంగబీట్ గారితో ఒప్పుకుంటాను, కానీ నా ఓటు రెండో వైపు మూడో పాటకి. పేరు పొడుగు, 'వెస్ట్ కాంప్టన్' అందాం. 7:01, పాడే సాహిత్యం లేదు. పార్టీ కబుర్లతో మొదలై ఒక్కసారిగా పరుగందుకుంటుంది. మిగతా ఆల్బమ్‌లో లయ గీత గీసినట్టు ఉంటే, ఇక్కడ ఊగుతుంది. జాజ్ ఫ్యూజన్ తెలిసినవాళ్లకు ఇది ఇల్లు. మొదటిసారి వినేవాళ్లకు ఇక్కడినుంచే మొదలుపెట్టమంటాను, కాలం తాలూకు మరక దీనిమీద దాదాపు లేదు.

లయరాజు
మరి 'డెడ్ ఆన్ ఇట్'?

కాంగబీట్
తేలిపోయింది. ర్యాపర్లకు శ్రుతి తెలియదు, పాడటం రాదు అని ఎద్దేవా చేసే పాట. అది బయటికి రావాల్సిన 1987లోనే పబ్లిక్ ఎనిమీ మొదటి ఆల్బమ్, ఎరిక్ బి అండ్ రకీమ్ 'పెయిడ్ ఇన్ ఫుల్', బూగీ డౌన్ ప్రొడక్షన్స్ 'క్రిమినల్ మైండెడ్' వచ్చాయి. ప్రిన్స్ వెక్కిరించిన పద్ధతి అప్పటికే పాతబడింది. పైగా అదే వైపు 'సిండీ సి'లో ప్రిన్స్ బృందం డాన్సర్ క్యాట్ గ్లోవర్ చెప్పే ర్యాప్, 1985లో జె.ఎం. సిల్క్ చేసిన షికాగో హౌస్ పాట 'మ్యూజిక్ ఈజ్ ద కీ' నుంచి ఎత్తుకున్నది. 1991 'డైమండ్స్ అండ్ పెర్ల్స్'కి వచ్చేసరికి ప్రిన్స్ బ్యాండ్‌లోనే టోనీ ఎమ్ ర్యాప్ చేస్తున్నాడు. వాదనగా ఈ పాట ఓడిపోయింది.

టేపుహెడ్
వాదన ఓడింది సరే, అడుగున ఉన్న డ్రమ్స్ వినలేదా? మాటలు పక్కన పెడితే ఆ ఎండు స్నేర్, దానిమీద కత్తిరించినట్టు పడే గిటార్ అచ్చం హిప్‌హాప్ ట్రాకే. అవతలివాళ్ల పనిముట్లు ఇంత బాగా వాడుతూ అవతలివాళ్లకు సంగీతం రాదనడం దగ్గరే పాట విరుగుతుంది. నాలుగున్నర నిమిషాలు ఆ ఒక్క మాట మీదే నడపడం ఇంకో తప్పు.

రెండోవైపు
'బాబ్ జార్జ్' సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా కష్టమైనది అదే. పేరు అతని మేనేజర్ బాబ్ కవాలో, విమర్శకుడు నెల్సన్ జార్జ్ పేర్లు అతికించి పెట్టిందని అంటారు. బాగా కిందికి దించిన గొంతు, ఖాళీగా నడిచే డ్రమ్స్, మీద తుపాకి మోతలు, పోలీసు సైరన్. ఆడదాన్ని నిలదీస్తూ బెదిరించే మనిషి పాత్ర. ఆ మనిషే మధ్యలో ప్రిన్స్‌ని 'ఆ పీల గొంతు బక్కోడు' అన్న ధోరణిలో తిడతాడు. నటనగా గొప్ప పని. అయినా ఆ హింస వినడం ఇవాళ ఇంకా బరువుగా ఉంది. పాత్ర కదా అని కొట్టిపారేయలేను. ముందే చెప్పకుండా ఎవరికీ వినిపించొద్దు.

సూదిమొన
గొంతుల పద్ధతి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నా. 'రాక్‌హార్డ్' గొంతు 1986 నాటి 'కమీల్' ప్రాజెక్టుది, అంటే ప్రిన్స్ సన్నగొంతుతో వేసిన పాత్రది. టేపు నెమ్మదిగా నడుపుతూ పాడి, మామూలు వేగంలో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది, గొంతు సన్నబడుతుంది. ఇంట్లో ప్రయత్నిస్తే: ట్రాక్‌ని 0.89 వేగానికి దించండి, అంటే రెండు సెమిటోన్లు కింద. ఆ లయకు పాడి, అంతా కలిపి 1.122 రెట్లు పెంచండి. పిచ్ షిఫ్టర్ బటన్ నొక్కితే ఇదే వస్తుందనుకోవద్దు. టేపు పద్ధతిలో గొంతు నిర్మాణం, పలికే వేగం, వైబ్రాటో అన్నీ కలిసి కదులుతాయి. అందుకే కమీల్ గొంతు వేరే మనిషిలా ఉంటుంది. నాలుగు సెమిటోన్లు దాటితే కార్టూన్ అయిపోతుంది.

లయరాజు
'వెన్ టూ ఆర్ ఇన్ లవ్' ఇక్కడ ఇమడలేదని నా అభిప్రాయం. మూడు పాటలు వేడెక్కించి హఠాత్తుగా మెత్తని ప్రేమపాట. 1988 మే 10న వచ్చిన 'లవ్‌సెక్సీ'లో అదే రికార్డింగ్ ఏడో పాటగా పెడితే ఎంత చక్కగా కూర్చుందో. ఒక్క మాట, ఆ సీడీ మొత్తం ఒకే ట్రాక్. నేరుగా ఆ పాటకి వెళ్లలేరు, ముందుకు జరుపుకుంటూ పోవాల్సిందే.

అసలు ఈ రెండు ఆల్బమ్‌లూ వెంటవెంటనే వినాలి. నల్లదాన్ని ఆపేసిన కొద్ది వారాల్లో పెయిజ్లీ పార్క్‌లో తయారైంది తెల్లది. 'ఆల్ఫబెట్ స్ట్రీట్' వీడియోలో అక్షరాల గుంపులో 'బ్లాక్ ఆల్బమ్ కొనకండి, క్షమించండి' అన్న అర్థంలో ఒక వాక్యం దాచి పెట్టాడు. అయినా అదే ఏడాది టూర్‌లో 'బాబ్ జార్జ్' వేదిక మీద ఆడాడు. అంటే సంగీతం మీద నమ్మకం పోలేదు, దాన్ని ఒంటరిగా జనంలోకి వదలడం ఇష్టం లేదు. వెలుగు పక్కన పెట్టి చూపించాడు. నాకు అదే సరైన క్రమం అనిపిస్తుంది.

కొత్తచెవి
కొనాలంటే ఏం చూడాలి? ఆన్‌లైన్‌లో '1987 ఒరిజినల్' అని 40 డాలర్లకు పెడుతున్నారు.

సూదిమొన
వదిలేయండి తమ్ముడూ. 1987 నాటి అసలు అమెరికా ఎల్‌పీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని బయటపడ్డాయి. 2018లో ఒక కెనడా కాపీ 27,500 డాలర్లకు అమ్ముడైంది. 40 డాలర్లకు దొరికేది దొంగ ప్రెస్సింగే. అట్ట మీద ప్రిన్స్ ఫొటో ఉన్నా, పాటల పేర్లు ముందువైపు అచ్చయినా, రంగు వినైల్ అయినా చూడనక్కర్లేదు. అసలు అట్ట పూర్తిగా నలుపు, పేరు లేదు. వెన్ను మీద 25677 అన్న నంబరే గుర్తు. ఆ నంబరుని కూడా దొంగ కాపీలు వేసుకుంటాయి, కాబట్టి అది ఉన్నంత మాత్రాన నమ్మొద్దు.

మీకు కావాల్సింది 1994 సీడీ, నంబరు 45793. పాత సీడీల షాపుల్లో ఈ నంబరే అడగండి. ఫైలు ఎవరైనా ఇస్తే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) తెరిచి చూడండి. 15, 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే అది తక్కువ రేటు ఎంపీ3 నుంచి వచ్చి ఉంటుంది.

కొత్తచెవి
థాంక్స్ అన్నా. దొరికేదాకా పాత ఫైలుతో కొలిచి చూశాను. 'లె గ్రైండ్' 6:36 చూపిస్తోంది.

టేపుహెడ్
396ని 404తో భాగిస్తే 0.980. ఆ అంకె వేసి, ముందు 'వెస్ట్ కాంప్టన్' వినండి.