అప్‌డేట్: చివరి పాట దగ్గర చిరచిర ఎందుకో తెలిసింది

ఎనభైల నాటి పాప్ గ్రామఫోన్ రికార్డులు (వినైల్) సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నానని, ప్రతి వైపూ చివరి పాటకొచ్చేసరికి 'స', 'ష' శబ్దాలు చిరచిరలాడుతున్నాయని అడిగాను కదా. సంగతి దాదాపు తేలింది.

ముందు మీరు చెప్పినట్టే రికార్డులను కడిగాను. డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క సబ్బు, మెత్తటి బ్రష్. లేబుల్ తడుస్తుందేమోనని ఒకటే టెన్షన్. చిటపటలు పోయాయి, చిరచిర మాత్రం పోలేదు.

అసలు దొంగ నా టర్న్‌టేబుల్‌లోనే (రికార్డు ప్లేయర్‌లోనే) ఉన్నాడు. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరిగినా, లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. చివర్లో ముల్లు కింద గాడి కదిలే వేగం మొదట్లో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. అంటే అదే శబ్దం అక్కడ తక్కువ పొడవులో ఇరుక్కుని ఉంటుంది, అందుకే ముల్లు కాస్త వంకరగా ఉన్నా బయటపడేది అక్కడే. ముల్లు కోణం సరిచూసే గీతలున్న ప్రొట్రాక్టర్ కాగితం పెట్టి చూస్తే కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే చిన్న భాగం) నిజంగానే పక్కకు తిరిగి ఉంది. రెండు స్క్రూలు వదులు చేసి, సరిచేసి బిగించాను. అరగంట పని. దీనికి ఇన్నాళ్లూ రికార్డులను తిట్టాను!

ఒక్క 1984 ఆల్బమ్ మాత్రం మారలేదు. లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే చివరి పాట మేర గాడులు బూడిద రంగులో కనిపిస్తున్నాయి. పాత యజమాని అరిగిన ముల్లుతో తెగ వాయించినట్టున్నారు. దానికి మందు లేదు. ఆ పాట రాకముందే ముల్లు ఎత్తేస్తున్నాను.