మూడు గంటల సంది తిప్పలు: కారు వెనక సీటు బటన్ నొక్కితే సగం వంగి మళ్ల లేస్తున్నది

హన్మకొండ_ప్రయాణం:
పొద్దున ఎనిమిదింటి సంది దీనితోనే కొట్లాడుతున్న. వెనక సీటు బటన్ నొక్కితే సగం దాకా వంగుతది, టక్కున ఆగి మళ్ల లేస్తది. ఇరవై ముప్పై సార్లు నొక్కిన. ఇప్పుడు అదీ లేదు, ఉత్త బీప్ వస్తున్నది. ఫ్యూజ్ చూసిన, బాగనే ఉన్నది. షోరూంకు ఫోన్ జేస్తే మాడ్యూల్ (సీటు మోటార్‌ను నడిపే కంట్రోల్ డబ్బా) పోయుంటది, వారం ఆగి రమ్మన్నరు. రేపు పొద్దుగాల నర్సంపేట నుంచి పెండ్లి సామాను తేవాలె. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.

కాజీపేట_వైరింగ్:
ఏ వరుస? ఎడమనా కుడినా? డిక్కీ తెరిచి నొక్కుతున్నవా? బ్యాటరీ ఎంత చూపెడుతుంది?

చెరువుకట్ట_మాస్టారు:
ముందు మాట సరిచేసుకుందాం, లేకపోతే తలా ఒకటి చెప్తారు. బటన్‌తో మడిచే సీట్లు మూడు రకాలు. మొదటిదాంట్లో బటన్ లాక్‌ను మాత్రమే విడుస్తుంది, స్ప్రింగు బలంతో బ్యాక్‌రెస్ట్ కిందికి వాలుతుంది, లేపడం మన చేత్తోనే. రెండోది టంబుల్, సీటు మొత్తం ముందుకు ఎగిరి ముడుచుకుంటుంది. కియా కారెన్స్ రెండో వరుసలో ఉన్నది ఇదే. మూడోది అసలైన పవర్ ఫోల్డ్, వంచేదీ మోటారే, లేపేదీ మోటారే. ఆడి క్యూ7 మూడో వరుస అలాంటిది. మీ సీటు దానంతట అదే లేస్తోందంటే మూడో రకమే. మొదటి రెండింటికి చెప్పే వైద్యం మీకు పనికిరాదు.

నర్సంపేట_డీజిల్:
సార్, టంబుల్ల సుత బటన్ లాక్‌నే ఇడుస్తది. ఎగిరేది స్ప్రింగుతోటే. మరి అది వేరే రకం ఎట్లయితది?

చెరువుకట్ట_మాస్టారు:
లాక్ విడిచే పద్ధతి ఒకటే కావచ్చు, కీలు ఉండే చోటు వేరు. బ్యాక్‌రెస్ట్ కీలు మీద వంగితే ఫోల్డ్. సీటు ముందు కాళ్ల మీద లేస్తే టంబుల్. రెండూ కలిపి చెప్పడం వల్లే విడిభాగాలు తప్పు వస్తున్నాయి.

కాజీపేట_వైరింగ్:
ఆయన అడిగింది అది కాదు.

హన్మకొండ_ప్రయాణం:
మూడో వరుస, ఎడమది. కుడిది మంచిగనే పనిజేస్తున్నది. డిక్కీ తెరిచే నొక్కుతున్న. ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్. వోల్టేజ్ చూసే మీటర్ లేదు నా దగ్గర.

నర్సంపేట_డీజిల్:
మీటర్ కొను అన్నా, ముందల అదే. ఇంజన్ ఆపి రెండు మూడు గంటలు ఇడిచిపెట్టినంక 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగున్నట్టు. 12.2 అంటే సగమే. బటన్ నొక్కినప్పుడు ఎంతకు పడుతుందో చూడాలె. 11 కంటే కిందికి పోతే బ్యాటరీ బలం తగ్గిందన్నా, టర్మినల్ లూజన్నా. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలె. రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపే డీజిల్ బండికి బ్యాటరీ ఎన్నడూ నిండది. సెల్ఫ్‌కు పోయిందే తిరిగి రాదు. వారానికి ఒక్కసారన్నా అరగంట ఆగకుండ హైవే మీద నడపాలె. ఎంతమందికి చెప్పినా ఇనరు.

కాజీపేట_వైరింగ్:
కుడిది పనిజేస్తుందన్నడు. రెండిటికీ బ్యాటరీ ఒకటే.

నర్సంపేట_డీజిల్:
బ్యాటరీ ఒకటే, వైరు ఒకటి కాదు. ఎడమ దిక్కు ఎర్త్ (బండి బాడీకి కలిపే మైనస్ వైరు) తుప్పు పడితే ఆ దిక్కే వోల్టేజ్ తగ్గుతది. మోటార్ నడిచేటప్పుడు దాని ఎర్త్ వైరుకు, బ్యాటరీ మైనస్‌కు నడుమ అర వోల్టు కన్న ఎక్కువ చూపెడితే ఆ ఎర్త్ ఇప్పి గీకాలె.

కాజీపేట_వైరింగ్:
అది నిజమే. గని ముందు ఖర్చులేనివి చూద్దాం.

అన్నా, అరగంట ఆ బటన్ ముట్టకు. ముప్పైసార్లు వరుసగ నొక్కినవ్ కద, మోటార్ కాలకుండ మాడ్యూల్ కాసేపు బంద్ చేసుకున్నట్టుంది. బీప్ అందుకే. చల్లబడినంక గేర్ పి (పార్కింగ్) మీద పెట్టి, డిక్కీ తెరిచి, రెండో వరుసను ముందలికి జరిపి నొక్కు. రెండో వరుస వెనకకు వాలి ఉంటే మూడోదాని హెడ్‌రెస్ట్ దానికి తగిలి ఆగుతది.

నొక్కి సప్పుడు ఇను. మోటార్ గుయ్యిమని తిరుగుతుంది గని సీటు కదలదంటే లోపల గేర్ పండ్లు పోయినట్టు. ఏ సప్పుడూ లేకుంటే స్విచ్, కనెక్టర్, వైరు చూడాలె. ఎలుకలు కొరుకుడు మన దిక్కు ఎక్కువ, సీటు కింద టార్చి ఏసి చూడు. పసుపు రంగు కనెక్టర్ కనబడితే ముట్టకు, ఎయిర్‌బ్యాగ్‌లకు ఆ రంగే పెడుతరు.

నీది సగం దాకా పోయి తిరిగొచ్చిందంటే మోటార్, స్విచ్, ఫ్యూజ్, మాడ్యూల్ అన్నీ బతికే ఉన్నయి. మోటార్ ఎంత కరెంటు గుంజుతుందో, ఎన్ని చుట్లు తిరిగిందో మాడ్యూల్ చూస్తది. కరెంటు ఒక్కసారి పెరిగితే పిల్లల చెయ్యి ఇరికిందనుకొని వెనకకు తిప్పుతది. ఏదో బిగుసుకుంటున్నది ఆడ. మాడ్యూల్ అసలే మార్చకు. చేత్తోటి గట్టిగ నెట్టకు, గేర్ పండ్లు ఇరుగుతయి. ఈ వారంల బండికి ఏమన్న పని చేయించినవా?

హన్మకొండ_ప్రయాణం:
ఏం చేయించలే. మొన్న ఆదివారం సీట్లకు కొత్త కవర్లు ఏయించిన, అంతే.

కాజీపేట_వైరింగ్:
అది ముందుగాల చెప్పాలె కద.

సేఫ్టీ_ముందు:
కవర్ల మాట వచ్చింది కాబట్టి దయచేసి అందరూ చదవండి. సీటు అంచున ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ కుట్టి ఉంటే, ఆ పక్క కుట్టు చిరిగి బ్యాగ్ బయటికి రావాలి. మామూలు దారంతో గట్టిగా కుట్టిన కవర్ దాన్ని ఆపేస్తుంది లేదా పక్కదారి పట్టిస్తుంది. కవర్ అందంగా ఉందని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. వేసే ముందు ట్యాగ్ ఉందో లేదో చూసుకోండి.

నర్సంపేట_డీజిల్:
మూడో వరుసకు సీట్ల ఎయిర్‌బ్యాగ్ ఎక్కడుంటది? ఆడ కాపాడేది పైకప్పు అంచుకుండే కర్టెన్ బ్యాగ్.

సేఫ్టీ_ముందు:
ఆయన అన్ని సీట్లకూ వేయించి ఉంటారు. నేను ముందు సీట్ల గురించే భయపడుతున్నాను.

కాజీపేట_వైరింగ్:
అది వేరే పోస్ట్ పెట్టుండ్రి.

అన్నా, ఎడమ సీటు వెనక కవర్ జిప్ తెరువు. కవర్‌ను గుంజి కట్టే ఎలాస్టిక్ పట్టీలు, ఇనుప హుక్కులు ఉంటయి. బ్యాక్‌రెస్ట్‌కు, కూసునే సీటుకు నడుమ ఉండే కీలు దగ్గర ఒక పట్టీ ఇరికి ఉంటది. సీటు నిలబడి ఉన్నప్పుడు వదులు, వంగేటప్పుడు బిగుసుకుంటది, సగంల ఆగేది అందుకే. బెల్ట్ బకిల్ కవర్ కిందికి పోయిందేమో సుత చూడు. పట్టీని కీలు పక్క నుంచి కాదు, సీటు కింద నుంచి తిప్పి కట్టాలె. కుదరకపోతే ఆ ఒక్క సీటు కవర్ తీసెయ్యి. కవర్ లేకుండ రెండుసార్లు పూర్తిగ వంగి లేస్తే రోగం దొరికినట్టే.

దాని తర్వాత సీటు ఎక్కడిదాక వంగాలె, ఎక్కడిదాక లేవాలె అనే హద్దులు మాడ్యూల్‌కు మళ్ల నేర్పాల్నేమో. చాలా బండ్లల్ల బటన్ ఇడువకుండ కింద తగిలేదాక పట్టుకొని, తగిలినంక ఇంకో ఐదారు సెకన్లు పట్టాలె. లేపేటప్పుడు సుత అట్లనే. నీ బండి మాన్యువల్‌ల ఇంకో తీరు ఉంటే దాన్నే పాటించు.

చెరువుకట్ట_మాస్టారు:
దాన్ని ఇనీషియలైజేషన్ అంటారు, నేర్పడం కాదు.

హన్మకొండ_ప్రయాణం:
కవర్ తీసిన. పట్టీ కీలుల ఇరికి నల్లగ అయ్యింది. ఇప్పుడు పూర్తిగ వంగుతున్నది. లేచేటప్పుడు మటుకు ఒక్కోసారి నడుమల ఆగుతున్నది. సామానుకైతే సరిపోతది. థ్యాంక్స్ అన్నలు.

కాజీపేట_వైరింగ్:
ఆగుతుందంటే పట్టీ ముక్క ఇంకా లోపలనే ఉన్నదన్నా, హద్దులు మళ్ల పెట్టలేదన్నా. రెండుల ఏది?

నర్సంపేట_డీజిల్:
వోల్టేజ్ చూసినవా మరి?